ఎర్ర పూజలో మొదటి మర్యాద

ధర్మపురి,
14-5-1973.

అక్కకు రాఘవన్ నమస్కారాలు.

నీ ఉత్తరమూ, బీన్స్ మూటా మొన్న మారండహళ్ళి బస్సులో అందాయి. బీన్సు వేదవల్లి ఇరుగుపొరుగులకు కూడా పంచింది. మేమంతా బాగున్నాము. కోర్టుకు ఎండాకాలం సెలవులు. సెలవుల్లో ఇంట్లో కూర్చున్న వకీలు ఎలా ఉంటాడో నీ మరదలు వేదవల్లిని అడుగు, తీరిగ్గా చెబుతుంది.

ఒక విశేషం. ఇక్కడి చర్చి సామియార్, అదే పాదిరిగారు, వచ్చే నెల మూడో తారీఖు ఆదివారం సాయంత్రం, అంటే కోర్టు తెరిచే ముందురోజు, జడ్జీలకూ వకీళ్ళకూ ప్రత్యేకంగా ఒక పూజ చేయిస్తున్నాడు. దాన్ని ఇంగ్లీషులో రెడ్ మాస్ అంటారట. సామియార్ ఆ రోజు ఎర్రటి వస్త్రాలు వేసుకుని, న్యాయం చెప్పేవాళ్ళకూ అడిగేవాళ్ళకూ మంచి బుద్ధి ఇమ్మని పరిశుద్ధాత్మను వేడుకుంటాడు. సీమ దేశాల్లో ఎన్నో వందల ఏళ్ళుగా ఉన్న ఆచారమట. ధర్మపురిలో ఇదే మొదలు. ఏ మతం వాళ్ళయినా రావచ్చునన్నాడు. మా బార్‌లో ఉన్నది నలభై ఇద్దరం, అందులో క్రైస్తవులు ముగ్గురే. మంచి బుద్ధి అవసరం మాత్రం నలభై ఇద్దరికీ ఉంది.

పూజ మొదట్లో సామియార్, ఆయన మనుషులూ వరసగా లోపలికి నడుస్తారు. అప్పుడు ఒక వకీలు ఎర్ర పట్టుగుడ్డ మీద చట్టం పుస్తకం పెట్టుకుని పీఠం దాకా తీసుకువెళ్ళాలి. దానికి బార్‌లో అందరికన్నా సీనియర్‌ని పిలవాలని సామియార్ అనుకుంటున్నాడని సాటి వకీలు కుప్పుసామి చెప్పాడు. నేను బార్‌లో చేరింది నలభై ఆరులో. కుప్పుసామి నలభై ఎనిమిది. ఆ మాట చెప్పేటప్పుడు వాడి మొహం నువ్వు చూసి ఉండాల్సింది.

నీ కొడుకు జయరామన్ బాగానే ఉన్నాడు. మరీ బాగానే ఉన్నాడు. మొన్న పాలక్కోడు నుంచి కేసు పని మీద ఒక పార్టీ వచ్చాడు. ఆఫీసు గదిలో నా కుర్చీలో నేను కూర్చుని ఉన్నాను. నన్ను దాటి లోపలికి చూస్తూ, "చిన్న వక్కీలు లేరా?" అని అడిగాడు. ఆరేళ్ళప్పటి నుంచి నా ఇంట్లో పెంచి, లా చదివించి, నా పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టినవాడి కోసం నన్ను దాటి చూశాడు. లేడని చెప్పి పంపించేశాను. వాడు వెనక గదిలోనే ఉన్నాడు.

మూడో తారీఖుకు నువ్వు తప్పకుండా రావాలి. నాన్న బతికి ఉంటే ఆయన్ని తీసుకువెళ్ళేవాడిని.

నీ తమ్ముడు,
రాఘవన్.


మారండహళ్ళి,
22-5-1973.

తమ్ముడు రాఘవన్‌నూ, వేదవల్లినీ దీవించి రంగమ్మ రాస్తున్నది.

ఇక్కడ రెండు మంచి వానలు పడ్డాయి. టమాటా నారు పోశాను. ఎల్లప్పన్ పెళ్ళాం సరసు కలుపుకు వస్తానని మూడు రోజులుగా చెబుతోంది, రాలేదు. నడుము నొప్పి ఉన్నదున్నట్టే ఉంది.

జయరామన్ శనివారం వచ్చి సోమవారం పొద్దున వెళ్ళాడు. ఇరవై మూడేళ్ళలో వాడు వరసగా రెండు రోజులు నా ఇంట్లో ఉన్నది ఇది ఐదోసారి. నీకు ఇలాంటివి గుర్తుండవు. ఉండాల్సిన అవసరం లేదు, వాడు రోజూ నీ కళ్ళ ముందే ఉంటాడు కాబట్టి. సంకటి చేసి పెడితే గట్టిగా ఉందన్నాడు. వేదవల్లి చేతి సంకటి మెత్తగా ఉంటుందట. ఉంటుంది మరి, ఆమె పొలం పోయే మనిషి కాదు.

ఇంట్లో ఉన్నవాడిని లేడని చెప్పడం నీకు తగదు రాఘవా. ఆ పాలక్కోడు మనిషి నా కొడుకు కోసం వచ్చాడు. నువ్వు చదివించావు, కాదనను. చదివించినవాడి కోసం మనుషులు రారా?

పూజకు నేను రాలేను. నారు వదిలి కదిలే వీలు లేదు. ఎవరు ముందు నడిస్తే ఏమి, దేవుడికి వెనకవాళ్ళు కనిపించరా? పిలుపు రాకపోయినా మనసు కష్టపెట్టుకోకు. నీకు జరగని మర్యాద ధర్మపురిలో ఏముంది?

ఎండలో తిరగకు. వేదవల్లిని అడిగినట్టు చెప్పు.

అక్క,
రంగమ్మ.


ధర్మపురి,
4-6-1973.

అక్కకు.

పిలుపు రాకపోయినా అని రాశావు. ఏ ఘడియలో రాశావో కానీ, రాలేదు.

వస్తుందని ఆదివారం మధ్యాహ్నం దాకా చూశాను. కోటు ఇస్త్రీ చేయించి కొక్కేనికి తగిలించాను. మూడింటికి, అక్కడికి వెళ్ళాకే చెబుతారు కాబోలు అనుకుని, అరగంట ముందే వెళ్ళి ముందు బెంచీలో కూర్చున్నాను. పక్కన మున్సిఫ్, ఆయన పక్కన కుప్పుసామి. పీఠానికి ఎర్ర గుడ్డ కప్పారు. పాట మొదలైంది. వెనక్కు తిరిగి చూశాను.

శిలువ పట్టుకున్న మనిషి వెనకాలే, సామియార్‌కన్నా ముందు, ఎర్ర పట్టుగుడ్డ మీద పుస్తకం పెట్టుకుని జయరామన్ నడిచి వస్తున్నాడు. చేరి ఐదేళ్ళయినవాడు. ఆ పుస్తకం నాది. నా సివిల్ ప్రొసీజర్ కోడు, నా పేరు ముద్ర వేసింది. నా బీరువాలోంచి తీసుకువెళ్ళాడు, నాతో ఒక్క మాట చెప్పలేదు. నా బెంచీ పక్కనుంచి పోతూ నా వైపు చూడలేదు.

చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ నీకు కాక ఎవరికి చెప్పను. వాడు బాగా నడిచాడు. ఎక్కడా తొట్రుపాటు లేదు, హడావిడి లేదు. నేను అంత బాగా నడిచేవాడిని కానేమో అనిపించింది. దాంతో నా కడుపు ఇంకా మండింది.

సామియార్ తమిళంలో బాగానే మాట్లాడాడు. తీర్పు చెప్పే నోటికి పైనుంచి వెలుగు కావాలన్నాడు. నాకు సగం చెవికెక్కలేదు. పూజ చివర్లో ఆయన గిన్నె పట్టుకుని కిందికి దిగి వచ్చాడు. అందులో తెల్లగా, పల్చగా, పావలా కాసంత బిళ్ళలు. జనం లేచి వరస కడుతున్నారు. అప్పుడు నాకు తట్టింది, అసలు మొదటి మర్యాద ఇదీ అని. మన ఊరి తేరు నాడు మొదటి తాంబూలం ఎవరికి అన్న దాని మీద నాన్నా పెదనాన్నా మూడేళ్ళు మాట్లాడుకోలేదు, గుర్తుందా? పుస్తకం పోతే పోయింది, ఇది వదలకూడదనుకున్నాను. మున్సిఫ్ కాళ్ళు దాటుకుని వెళ్ళి అందరికన్నా ముందు నిలబడి రెండు చేతులూ చాపాను.

సామియార్ నన్ను చూశాడు. గిన్నెలో వేలు పెట్టలేదు. నా తల మీద చెయ్యి పెట్టి ఏదో గొణిగి, భుజం పట్టి మెల్లగా పక్కకు జరిపాడు. నా వెనకున్న కోర్టు టైపిస్టు నోట్లో బిళ్ళ పెట్టాడు. టైపిస్టుకు పెట్టాడు, నాకు పెట్టలేదు. కుప్పుసామి చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాడు. వాడికి దగ్గు లేదు.

ఇంతటితో అయిపోలేదు. బయట చెప్పులు వేసుకుంటుంటే సామియార్ వచ్చి, మోకాళ్ళ నొప్పి తగ్గిందా అని పదిమందిలో అడిగాడు. నాకు మోకాళ్ళ నొప్పి ఎప్పుడుంది? ఇప్పటికీ కోర్టు మెట్లు రెండేసి ఎక్కుతాను. మామ ముసలివాడైపోయాడు, ఇక అన్నీ నేనే అని నీ కొడుకు ఊరంతా చాటుతున్నట్టున్నాడు. బిళ్ళ ఇవ్వవద్దని చెప్పింది కూడా వాడే అయి ఉంటాడు.

నీ కొడుకును నువ్వే అడుగు.

రాఘవన్.


మారండహళ్ళి,
9-6-1973.

తమ్ముడు రాఘవన్‌కు దీవెనలు.

నీ ఉత్తరం పట్టుకుని ఇక్కడి ప్రసూతి ఆసుపత్రి నర్సమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె వాళ్ళ మతమే. పేర్లు చెప్పకుండా, ఎవరో ఇలా చేశారట అని అడిగాను. ఆ బిళ్ళ జ్ఞానస్నానం పొంది, వాళ్ళ క్రమం ప్రకారం సిద్ధమైనవాళ్ళకు తప్ప కలెక్టరు వచ్చి నిలబడినా పెట్టరట. వాళ్ళకు అది దేవుడి శరీరంతో సమానమట. ముందు నిలబడినా చివర నిలబడినా ఒకటేనట, మన తాంబూలం లాంటిది కాదు. తెలియక వచ్చినవాళ్ళను చిన్నబుచ్చకుండా తల మీద చెయ్యి పెట్టి దీవించి పంపుతారట. నిన్ను తోసెయ్యలేదు రాఘవా, దీవించాడు. ఆ వరసలో జయరామన్ నిలబడ్డాడా? నిలబడి ఉండడు. వాడు తెలుసుకుని వెళ్ళాడు, నువ్వు తెలుసుకోకుండా వెళ్ళావు. అంతకు మించి ఏమీ లేదు.

వాడు బాగా నడిచాడని రాశావే, ఆ నాలుగు ముక్కలూ ఎన్నిసార్లు చదువుకున్నానో. నల్ల కోటు వేసుకున్నాడా? తల దువ్వుకున్నాడా? ఎవరైనా ఆ అబ్బాయి ఎవరి కొడుకు అని అడిగారా? అడిగితే ఎవరి కొడుకని చెప్పారు? ఇవి రాయలేదు నువ్వు. నీ మర్యాద గురించి మూడు పేజీలు రాశావు.

ఎక్కడికి వెళ్ళినా ముందు బెంచీ నీదే అయింది ఇన్నేళ్ళూ. ఒక్కరోజు వేరేవాళ్ళు ముందు నడిస్తే కడుపు మండుతోందా? మండనీ. నాకు ఎన్నేళ్ళుగా మండుతోందో నీకు తెలియదు.

నారు బాగా లేచింది. సరసు చివరికి వచ్చింది.

అక్క,
రంగమ్మ.


ధర్మపురి,
15-6-1973.

అక్కకు.

బిళ్ళ సంగతి ఒప్పుకుంటున్నాను. తెలియక చేశాను. ఇన్నేళ్ళు కోర్టులో తెలియదన్న జవాబును ఎవరి దగ్గరా ఒప్పుకోనివాడిని, నేనే ఆ జవాబు చెప్పాల్సి వచ్చింది.

పుస్తకం సంగతి వేరు. సామియార్‌నే అడుగుదామని చర్చి గేటు దాకా వెళ్ళి తిరిగి వచ్చాను. నన్నెందుకు పిలవలేదని ఈ వయసులో ఒకరి గడపకు పోయి అడుక్కోలేను. అందుకని జయరామన్‌నే పిలిచి కూర్చోబెట్టాను. నా మోకాళ్ళు నొప్పి అని సామియార్‌తో నువ్వు చెప్పావా అని అడిగాను.

"చెప్పినాను" అన్నాడు.

ఎందుకు చెప్పావన్నాను. తల వంచుకున్నాడు. నన్ను పిలవమన్నాడా సామియార్ అని అడిగాను. దానికి కుర్చీలోంచి లేచాడు. వీడు సాక్షి అయితే నేను అంతటితో వదిలిపెట్టేవాడిని కాదు. చివరికి వాడన్న మాట ఒక్కటే.

"తప్పు నాదే మామా. ఎందుకని మాత్రం అడగొద్దండి. చెప్పను."

చెప్పనివాడికి నా ఆఫీసులో చోటు లేదన్నాను. ఆ రోజే గోడ మీది బోర్డులో వాడి పేరున్న పలకను నా చేతులతో ఊడదీశాను. మేకులు రాలేదు, పలక అంచు విరిగింది. వాడు నిలబడి చూశాడు, అడ్డం రాలేదు. సేలంలో సిద్ధరాజ్ అని ఒక వకీలు ఉన్నాడు, ఆయన దగ్గర చేరతాడట. ఇరవై ఐదో తారీఖు సోమవారం ప్రయాణం. వేదవల్లి నాతో మాట్లాడడం మానేసింది. కంచం పెట్టి లోపలికి పోతుంది.

అక్కా, వాడు అడిగి ఉంటే ఆ పుస్తకం నేనే వాడి చేతిలో పెట్టేవాడినని ఊళ్ళో వాళ్ళతో అంటున్నాను. అబద్ధం. అడిగినా ఇచ్చేవాడిని కాదు. కానీ అడగాల్సింది. నా వెనక నుంచి ఇలా చేస్తాడని నేను కలలో కూడా అనుకోలేదు.

రాఘవన్.


మారండహళ్ళి,
19-6-1973.

రాఘవా,

సేలం సంగతి జయరామన్ నాకు చెప్పలేదు. నీ ఉత్తరం చూశాకే తెలిసింది. వాడు నోరు విప్పడు. నేను విప్పుతాను.

సామియార్ నిన్ను పిలిచాడు. నీ పేరు మీద ఉత్తరం రాసి, దారిలో కనిపించిన జయరామన్ చేతికి ఇచ్చాడు. అది శనివారం. వాడు అటునుంచి అటే బస్సెక్కి ఇక్కడికి వచ్చాడు, సోమవారం వెళ్ళి నీకు ఇద్దామని. వచ్చీ రాగానే సంతోషంగా సంచిలోంచి తీసి నాకు చూపించాడు. "మామకు ఎంత మరియాద చూడుమా" అన్నాడు. కవరు అంటించి లేదు. ఉత్తరం తమిళంలో ఉంది, వాడే చదివి వినిపించాడు. పెద్దలు, అనుభవజ్ఞులు, ఈ ఊరి న్యాయవాదులకు తండ్రి వంటివారు అని రాసి ఉంది. తండ్రి వంటివారు అన్నచోట వాడి గొంతు మారింది.

ఆ ఉత్తరం తీసుకుని బియ్యం డబ్బాలో పెట్టి మూత వేశాను. ఈ ఒక్కసారి ఆ పుస్తకం నువ్వే పట్టుకో, మామతో చెప్పకు అన్నాను. వాడు వల్ల కాదన్నాడు. నేను తిండి మానేశాను. శనివారం తినలేదు, ఆదివారం తినలేదు. వాడు సంకటి కలిపి నోటి దాకా తెచ్చాడు, మొహం తిప్పుకున్నాను. ఆదివారం సాయంత్రం సరే అన్నాడు. అప్పుడు తిన్నాను. సామియార్‌తో ఏమి చెప్పాలో కూడా నేనే చెప్పాను. మామకు మోకాళ్ళు నొప్పి, అంత దూరం నడవలేడు అని చెప్పమన్నాను. అలాగైతే ఆయన ఆఫీసు తరఫున నువ్వే పట్టుకో అన్నాడట సామియార్. నీ పుస్తకం అందుకే తీసుకున్నాడు. కనీసం పుస్తకమైనా మామది ఉండాలన్నాడు.

ఎందుకు చేశావని అడుగుతావు. నీ ఇంట్లో వేదవల్లిని వాడు అమ్మా అని పిలుస్తాడు. నన్ను మారండహళ్ళి అమ్మ అంటాడు. తల్లికి ఊరి పేరు తగిలించి పిలవడం నువ్వెక్కడైనా విన్నావా? వాడికి పెద్దమ్మో చిన్నమ్మో, నేను అలా ఎవరో ఒకరిని. ఏది మంచిదైనా మామ ఇచ్చిందే. ఒక్కటి, ఒకే ఒక్కటి, నేను ఇప్పించింది ఉండాలనుకున్నాను.

వాడిని మీ దగ్గర వదిలినప్పుడు నాకు గతి లేదు. యాభై నాలుగులో బావిలో నీళ్ళు పడ్డాయి, పంట వచ్చింది, ఇక్కడ స్కూలు పెద్దదైంది. వాడికి పదేళ్ళు. పంపించమని నీకు రాశాను. వాడిని అడిగాను, రానన్నాడు అని నువ్వు జవాబు రాశావు. ఆ రోజు నుంచి వాడిని నేను ఏదీ గట్టిగా అడగలేదు. రానన్న బిడ్డను ఏ మొహం పెట్టుకుని అడగను? మళ్ళీ నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. దొంగతనం అడిగాను.

తప్పు నాది. వాడిని వెళ్ళగొట్టకు. నాతో మాట్లాడకపోయినా సరే.

రంగమ్మ.


ధర్మపురి,
23-6-1973.

అక్కకు రాఘవన్ నమస్కారాలు.

నీ ఉత్తరం గురువారం వచ్చింది. మొదట నాకు కోపం రాలేదు, హాయిగా అనిపించింది. వాడు చేయలేదు, నువ్వు చేశావు అని. ఆ హాయి మీ ఇద్దరిలో ఎవరి మీద ప్రేమో ఆలోచిస్తే నాకే బాగనిపించలేదు.

చర్చికి వెళ్ళి సామియార్‌ను కలిశాను. మోకాళ్ళు బాగున్నాయని చెప్పాను. వచ్చే ఏడు మీరే పట్టుకోవాలన్నాడు. కుప్పుసామిని పిలవండి అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

పలక మళ్ళీ కొట్టించాను. విరిగిన అంచు అలాగే ఉంది. మీ అమ్మ అంతా రాసింది అని జయరామన్‌తో చెప్పాను. "అమ్మను ఏమీ అనకండి మామా" అన్నాడు. వేదవల్లి గుమ్మంలోనే ఉంది. అమ్మ అన్నది ఎవరినో ఆమెకూ అర్థమైంది, నాకూ అర్థమైంది. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

ఇక యాభై నాలుగు సంగతి. ఆ ఏడు నేను వాడిని అడగలేదు.

అప్పటి నీ ఉత్తరం వచ్చిందనే వాడికి తెలియదు. వేదవల్లికి కూడా ఇంతవరకు చెప్పలేదు. ఉత్తరం చదివి, మడిచి, జేబులో పెట్టుకుని కోర్టుకు వెళ్ళిపోయాను. సాయంత్రం వచ్చేసరికి వాడు గేటు దగ్గర నా సంచి కోసం నిలబడి ఉన్నాడు. అడిగితే వెళతానంటాడని నాకు తెలుసు. అప్పటికి రోజూ నిన్ను తలుచుకునేవాడు. అందుకే అడగకుండా రానన్నాడని రాశాను. వాడు నీ దగ్గరికి వెళితే నాకు ఏమి మిగులుతుందని ఆ రోజు లెక్క వేసుకున్నాను, నీకు ఏమి మిగులుతుందని వేసుకోలేదు. నువ్వు దాచింది ఒక సాయంత్రం మర్యాద. నేను దాచింది ఏమిటో నీకు వేరే చెప్పనక్కరలేదు.

ఈ మాట వాడికి నేనే చెప్పాలని పొద్దుటి నుంచి మూడుసార్లు పిలిచాను. మూడుసార్లూ ఏదో కేసు సంగతి అడిగి పంపేశాను. అందుకని ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. వాడి చేతికే ఇచ్చి మధ్యాహ్నం బస్సుకు పంపుతున్నాను. వాడు చదివింది తమిళ బడిలో, తెలుగు మాట్లాడడమే తప్ప చదవడం రాదు. అది కూడా నేను నేర్పలేదు. కవరు అంటించలేదు. వాడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించు. చదవకుండా చించేసినా నిన్ను ఏమీ అనను.

చదివాక మాత్రం, ఎక్కడ ఉంటావురా అని వాడినే అడుగు.

రాఘవన్.